బోర్లించిన ఆరు గ్లాసులు

క్లెమ్ బార్‌లో కౌంటరు చివర ఆరు స్టూళ్లు ఉంటాయి. వాటి మీద ఎవరూ కూర్చోరు.

బార్ కిటకిటలాడుతున్నా సరే. శుక్రవారం సాయంత్రం వేపుడు చేపల కోసం జనం గుమ్మం దాకా నిలబడి, ఒకరి మోచేయి ఇంకొకరి గ్లాసులో ముంచుతున్నా సరే. ఆ ఆరూ ఖాళీయే. కొత్తవాడెవడైనా తెలియక అటు నడిస్తే, పక్కవాడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతాడు.

"అటొద్దు నాయనా. అవి బతికున్నవాళ్లవి కావు."

మిల్వాకీ దక్షిణపు వాడలో ఈ మాట ఎరగనివాళ్లు లేరు. పసిపిల్లలకి కూడా తెలుసు.

అసలు సంగతి ఏమిటంటే, ఇక్కడి బార్లలో ఒక ఆచారం ఉంది. నీ చేతిలో గ్లాసు ఇంకా నిండుగానే ఉండగా ఎవరైనా నీకు మరొకటి కొన్నారనుకో. బార్ నడిపేవాళ్లు అప్పుడే పోయరు. ఒక చిన్న గ్లాసు తెచ్చి నీ ముందు బోర్లిస్తారు. టక్. నీకొకటి వస్తోంది, ఫలానావాడు కొన్నాడు, ఎప్పుడు అడిగితే అప్పుడు పోస్తాం అని దానర్థం. ఆ టక్ కంటే తియ్యటి చప్పుడు ఆ ఊళ్లో లేదు.

కానీ జనవరి పంతొమ్మిది సాయంత్రం... బార్ తలుపు తీసేసరికే కౌంటరు చివర, ఆ ఆరు స్టూళ్ల ముందు, ఆరు చిన్న గ్లాసులు బోర్లించి ఉంటాయి. ప్రతి ఏడూ. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఎవరూ చూడలేదు.

యాభైమూడులో అదే రోజు, వీధికి అవతల ఉన్న ఫౌండ్రీలో, కరిగిన ఇనుము పేలి ఆరుగురు చనిపోయారు. కంపెనీ తూర్పు తీరం నుంచి ఒక అధికారిని రప్పించి విచారణ జరిపించింది. ఆరుగురూ క్లెమ్ బార్లో పీకల దాకా తాగి షిఫ్టుకి వచ్చారని తేల్చింది. కాబట్టి వాడ జనం లెక్క ఇదీ: ఆ తాగుబోతులు చచ్చాక కూడా బార్ వదల్లేదు. వాళ్లే కొంటున్నారు. ఆ స్టూలు మీద కూర్చుంటే ఆ డ్రింకు నీదే. తాగావా — వాళ్ల జట్టులో చేరినట్టే.

డెబ్బై ఒకటిలో రూడీ అనే ప్లంబరు పందెం కాసి మరీ కూర్చున్నాడట. గ్లాసు తిప్పి నిలబెట్టి, "పొయ్యండి!" అని గట్టిగా అరిచి తాగేశాడట. మార్చిలో సరస్సు మంచు మీద చేపలు పడుతూ, మంచు విరిగి మునిగిపోయాడు. మార్చిలో మంచు పలచబడ్డాక దాని మీద కూర్చున్నవాడు మునక్క ఏం చేస్తాడండీ అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఆ వాడలో మాత్రం అడక్కండి.

నాకు ఈ కథ చెప్పింది లోరీ. చచ్చిన ఆ ఆరుగురిలో ఒకడు ఆమె తాత.

*

తాతని అక్కడ జాజా అంటారు. లోరీ జాజా పేరు ఫ్లోరియన్ గపిన్స్కీ. ఆయన పోయిన తొమ్మిదేళ్లకి పుట్టింది లోరీ. ముఖం చూడలేదు. కానీ ఆయన మీద పడిన మాటని మాత్రం పుట్టినప్పటి నుంచీ మోసింది. బళ్లో పిల్లలు "మీ జాజా తూలి ఇనుములో పడ్డాడటగా?" అనేవాళ్లు. ఫౌండ్రీ గేటు దగ్గర, పనిలో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఒకటి ఉంది. దాని మీద ఆ ఆరు పేర్లు లేవు.

చచ్చినవాడి మీద నింద వేయడం కంటే సుఖమైన పని ఇంకోటి ఉందా? వాడు లేచొచ్చి కాదనడు. కాదనే పెళ్లాంబిడ్డల మాట ఎవరూ రాసుకోరు. రాసుకునేవాడి జీతం ఎవరిస్తున్నారో చూడండి చాలు, మిగతాదంతా తేటతెల్లం.

లోరీ ఆ ఫౌండ్రీలోనే చేరింది. పదహారేళ్లు కొలిమి దగ్గర పని చేసింది. తొంభైతొమ్మిది జనవరిలో కంపెనీకి డెబ్బై అయిదేళ్లు నిండాయి. అదే నెలలో నగరం వాళ్లు క్లెమ్ బార్‌ని చారిత్రక కట్టడంగా గుర్తించారు. కంపెనీ పెద్దలకి మంచి ఊహ వచ్చింది. బార్ వెనక ఉన్న హాల్లోనే పండగ చేద్దాం, బార్ చరిత్ర, కంపెనీ చరిత్ర కలిపి చదివిద్దాం అని. హాలు ఏ రోజు ఖాళీ అని అడిగితే, జనవరి పంతొమ్మిది ఖాళీ అని తేలింది.

ఖాళీగా ఉండక ఏం చేస్తుంది? ఆ రోజు ఆ హాలు నలభై ఆరేళ్లుగా ఖాళీయే.

బార్ నడిపే రీటా ముందే చెప్పింది. క్లెమ్ కూతురే రీటా. పేలుడు జరిగిన నాటికి ఎనిమిదేళ్ల పిల్ల. ఆ సాయంత్రం క్లెమ్, చేతిలో ఉన్న గుడ్డ కింద పడేసి, మనుషుల్ని బయటికి లాగడానికి మంటల్లోకి పరిగెత్తాడు. ఊపిరితిత్తులు కాలిపోయి వారం తిరక్కుండా పోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

"ఆ తేదీ వద్దు బాబూ," అంది రీటా. "ఇరవై పెట్టుకోండి. పద్దెనిమిది పెట్టుకోండి. క్రిస్మస్ మళ్లీ చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

కంపెనీ కొత్త అధ్యక్షుడు బ్రాడ్ విట్‌కాంబ్ నవ్వాడు. తూర్పు తీరం మనిషి. మిల్వాకీ వచ్చి ఏడాది కాలేదు. "దెయ్యాలా? ఇంకా మంచిది. వాళ్లక్కూడా భోజనం పెడదాం."

చరిత్ర చదివే పని లోరీకి అప్పజెప్పాడు. ఆ రాత్రే ఆమెని షిఫ్టు సూపర్‌వైజరుగా ప్రకటిస్తారని కూడా చెప్పాడు. ఆ ఫౌండ్రీలో ఆ కుర్చీ ఎక్కిన ఆడది అంతవరకు లేదు. లోరీ వాళ్లమ్మ డొలోరెస్‌కి ఫోన్ చేసింది. డొలోరెస్ చిన్నప్పటి నుంచీ ఆ బార్ గడప తొక్కలేదు. తండ్రి పోయిన నాటి నుంచి అటు పక్క ఫుట్‌పాత్ మీద కూడా నడవదు.

"నువ్వు మాట్లాడతావా? మైకులో?"

"అవునమ్మా."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు. తర్వాత... "సరే. వస్తాను. కోటు మాత్రం విప్పను."

*

చదవాల్సిన కాగితం సాయంత్రం నాలుగింటికి చేతికొచ్చింది. రెండో పేజీ, మూడో పేరా.

"ఆ సాయంత్రం ఆరుగురు కార్మికులు ఈ కౌంటరు దగ్గరే ఆరు గ్లాసులు ఖాళీ చేసి, మత్తులో షిఫ్టుకి బయలుదేరారు."

లోరీ ఆ లైను మూడుసార్లు చదివింది. తర్వాత తెర సర్దుతున్న బ్రాడ్ దగ్గరికి నడిచింది.

"ఇది తీసేయండి."

"ఎందుకు? విచారణ నివేదికలో ఉన్న మాటే. ఫొటో కూడా ఉంది." స్లైడు ఒకటి టపీమని వేసి చూపించాడు. నలుపూ తెలుపూ. కౌంటరు, దాని మీద ఏవో గ్లాసులు. లోరీకి సరిగ్గా కనబడేలోపే తీసేశాడు. "చరిత్రకి కాస్త ఉప్పూ కారం ఉండాలి లోరీ. బార్‌కి ఆ దెయ్యం కథే కదా అందం."

"వాళ్లలో ఒకాయన మా జాజా."

బ్రాడ్ ముఖం ఒక క్షణం ఇబ్బందిగా మారింది. అబద్ధం చెప్పను, మారింది. వెంటనే సర్దుకుంది.

"సారీ. కానీ లాయర్లు చూసి సరే అన్న కాగితం. ఒక్క మాట మార్చినా మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. సూపర్‌వైజరు పని అంటే ఇలాంటివే లోరీ. కష్టమైన కాగితాలు చదవడం."

అర్థమైందా? చదివితే కుర్చీ. చదవకపోతే కొలిమి. చదివితే మాత్రం... నలభై ఆరేళ్ల తర్వాత ఆ బార్లో అడుగుపెట్టిన వాళ్లమ్మ, తన తండ్రి తాగుబోతు చావు చచ్చాడని, తన కూతురి నోటే వినాలి.

నాలుగున్నరకే చీకటి పడింది. జనవరి కదా. అయిదుకల్లా నూట నలభై మంది హాల్లో చేరారు. ఉడికించిన సాసేజీలు, పుల్లటి క్యాబేజీ, బ్రాందీ. క్రేను నడిపే హాంక్ ఎప్పట్లాగే అందర్నీ ఏడిపిస్తున్నాడు.

"లోరీ! సూపర్‌వైజర్ గారూ! రేపటి నుంచి మిమ్మల్ని మీరు అనాలా, తమరు అనాలా?"

"రేపు టైముకి రా చాలు."

"ఇదిగో, అప్పుడే మొదలెట్టింది!"

అందరూ నవ్వారు. లోరీ నవ్వలేదు. రెండో వరసలో అమ్మ కూర్చుని ఉంది. మెడ దాకా బొత్తాలు పెట్టిన కోటు. ఒళ్లో చేతిసంచి. రెండు చేతులూ దాని మీద.

"మైకు తీగ పొట్టిగా ఉంది," అన్నారు ఎవరో. "ఇంకోటి ముందు గదిలో ఉంటుంది. కౌంటరు కింద."

"నేను తెస్తా," అంది లోరీ.

తీగ కోసం కాదు వెళ్లింది. ఆలోచించుకోడానికి రెండు నిమిషాలు కావాలి ఆమెకి.

*

ముందు గది మూసేసి ఉంది. ఆ రోజు బయటివాళ్లకి బార్ లేదు. దీపాలు ఆర్పేశారు. కిటికీలో బీరు బోర్డు ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. ఆ ఎరుపు కౌంటరు మీద సగం దాకా పాకి... ఆగిపోయింది. ఆ చివర చీకటి.

వెనక తలుపు మూసుకోగానే హాల్లో గోల నీళ్లలో మునిగినట్టు వినిపించింది.

లోరీ కౌంటరు మీద కాగితం పరిచింది. ఎర్ర వెలుగులో ఆ లైను కనబడుతూనే ఉంది. చదవాలా... వద్దా...

టక్.

తల ఎత్తింది.

ఏమీ లేదు. పాత కట్టడం. చలికి చెక్క బిగుసుకుంటే చప్పుడు చేస్తుంది. చేస్తుంది కదా?

టక్.

కౌంటరు చివర నుంచి. ఆ చీకట్లోంచి.

కాలు కదపాలనుకుంది. కదల్లేదు. చిన్నప్పుడు విన్నవన్నీ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చాయి. పదహారేళ్లు కొలిమి ముందు నిలబడ్డ మనిషి, కరిగిన ఇనుము కాలి ముందు చింది పడ్డా బెదరని మనిషి — ఒక గాజు చప్పుడుకి చెమటలు పట్టి నిలబడిపోయింది.

టక్... టక్...

నాలుగు.

గదిలోకి సన్నగా చలి దూరింది. కిటికీలు మూసే ఉన్నాయి. ఎక్కడి నుంచి? తడిసిన ఉన్ని వాసన. ఎవరో... ఊపిరి తీస్తున్నారు. ఊపిరి కాదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుర్రుమని, ఆగి, మళ్లీ గుర్రుమని.

టక్.

"ఎవరు?" అంది.  

చీకట్లో ఆ గుర్రుమనే ఊపిరి ఆగిపోయింది.

చీకట్లో ఒక ఆకారం. పొడుగు కోటు. టోపీ. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట నలుపే ఉంది. అది ఆమె వైపే తిరిగి ఉంది. ఆమెకి అది తెలుసు. ఎలా తెలుసు అని నేను అడిగితే, "నీకు ఎప్పుడైనా వీపు మీద ఎవరి చూపైనా తగిలిందా? అలా. కాకపోతే ముందు నుంచి," అంది.



తర్వాత, ఆమె కళ్లెదుటే, నెమ్మదిగా, చెయ్యి ఒకటి ముందుకొచ్చింది. 

టక్.

ఆరు.

ఆకారం వెనక్కి జరిగింది. చీకట్లో ఏదో కిర్రుమంది. చలి తగ్గింది. వాసన మిగిలింది.

పారిపోవాలి కదా? ఎవరైనా పారిపోతారు. లోరీ కూడా రెండడుగులు వెనక్కి వేసింది. ఆగింది. ఆమెకి భయం కంటే కోపం ఎక్కువైంది. "మా జాజా అయితే నన్నేం చేస్తాడు? చేస్తే చెయ్యనీ. ఇన్నేళ్లుగా ఆయన మీది నింద మా అమ్మా, నేనూ మోస్తున్నాం. ఆయన ఒక్కసారి మొహం చూపిస్తే తప్పా?" అనుకుందట.

చివరికి నడిచింది.

ఎవరూ లేరు. ఆరు స్టూళ్లు. ఆరు గ్లాసులు. అన్నీ బోర్లించి, వరసగా, ఒక్కో స్టూలు ముందు ఒక్కోటి.

వేలితో ఒకదాన్ని ముట్టుకుంది. మంచుగడ్డలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది.

నలుపూ తెలుపూ. టపీమని వచ్చి పోయిన ఆ స్లైడు. కౌంటరు... దాని మీద గ్లాసులు... ఆ గ్లాసుల అడుగులు పైకి ఉన్నాయి.

బోర్లించి ఉన్నాయి.

లోరీ ఆ కౌంటరుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

*

తిరిగి హాల్లోకి వచ్చేసరికి బ్రాడ్ గౌరవ అతిథిని కూర్చోబెడుతున్నాడు. ఎర్విన్ లూట్కీ. డెబ్బై అయిదేళ్ల ముసలాయన. ముప్పై ఏళ్లు ఫౌండ్రీలో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయాడు. ఈ బార్‌కి వచ్చి యుగాలైందని అందరూ ఆశ్చర్యపోతున్నారు. ఎవరో కుర్చీ హీటరు పక్కకి జరిపారు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు.

"తీగేదే?" అంది రీటా.

"తీగ అక్కర్లేదు," అంది లోరీ. "నా గొంతు సరిపోతుంది."

"ఏమైందే నీకు? మొహం పిండిలా తెల్లబడింది..."

లోరీ నేరుగా ముందుకెళ్లి నిలబడింది. చదవడం మొదలెట్టింది. బార్ కట్టిన సంవత్సరం. సారా నిషేధం రోజుల్లో క్లెమ్ నేలమాళిగలో ఏం కాచాడో. జనం నవ్వారు. రెండో పేజీ. బ్రాడ్ స్లైడు మార్చాడు.

కౌంటరు. ఆరు గ్లాసులు. ఈసారి గోడంత పెద్దగా.

"ఆ సాయంత్రం..." అని ఆగింది.



"ఈ లైను నేను చదవను."

బ్రాడ్ గొంతు సవరించుకున్నాడు. "లోరీ..."

"చదవను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. హాంక్! లే. నీ ముందు రీటా ఒక గ్లాసు బోర్లించిందనుకో. ఏమిటర్థం?"

హాంక్ లేచాడు. "నా జాతకం తిరిగిందని!"

నవ్వులు.

"సరిగ్గా చెప్పు."

"ఏముంది అందులో? ఎవడో ఒక పుణ్యాత్ముడు నాకు కొన్నాడని. నేనింకా తాగలేదని..."

ఆగిపోయాడు.

అతని కళ్లు తెర మీదకి వెళ్లాయి. నోట్లో నవ్వు అలాగే ఉండిపోయింది.

"నేనింకా..." అన్నాడు మళ్లీ, నెమ్మదిగా. "తాగలేదని."

నూట నలభై మంది.  వాళ్లందరూ ఆ గ్లాసుల గురించి పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్లే. ప్రతి ఒక్కడి ముందూ ఎన్నోసార్లు గ్లాసు బోర్లించారు. అయినా ఆ రెండూ కలిపి ఎవరూ చూడలేదు. చచ్చినవాళ్లు మనకి కొంటున్నారనుకున్నారు గానీ, అవి చచ్చినవాళ్లకి కొన్నవని ఒక్కరికీ తట్టలేదు. ఎందుకు తట్టలేదో తెలుసా? ముందే "తాగుబోతులు" అని చెప్పేశారు కనక. ఆ ఒక్క మాట చెవిలో పడ్డాక కళ్లు పని చేయవు.

"నాకు అర్థం కావడం లేదు," అన్నాడు బ్రాడ్. "గ్లాసు బోర్లిస్తే, ఇక చాలు అని కదా అర్థం? తాగడం అయిపోయింది, ఇక పోయొద్దు అని."

"మీ ఊళ్లో."

"ఎక్కడైనా..."

"మీ ఊళ్లో! ఆ ఫొటో తీసిన విచారణ అధికారిది కూడా మీ తీరమే. వచ్చాడు. బోర్లించిన గ్లాసులు చూశాడు. ఖాళీ చేశారని రాసుకున్నాడు. అడుగుదామంటే క్లెమ్ ఆస్పత్రిలో చస్తున్నాడు. ఇంకెవర్నీ అడగలేదు. ఆరుగురి పేర్లు రాయి మీద లేకుండా పోయాయి. ఎందుకు? మా ఆచారం మీకు తెలీక!"

రెండో వరసలో డొలోరెస్ చేతిసంచి కింద పడింది. ఆమె వంగి తీసుకోలేదు.

బ్రాడ్ చెడ్డవాడు కాడు. తెలివైనవాడు. అదే ప్రమాదం. ఒక్క క్షణం ఆలోచించి, మెత్తగా అడిగాడు. "సరే. నువ్వు చెప్పిందే నిజమనుకుందాం. కొన్నవాడు లేకుండా గ్లాసు బోర్లించరు కదా? ఆ ఆరూ ఎవరు కొన్నారు?"

లోరీ మళ్లీ తెర మీది గ్లాసుల వైపు చూసింది.

"ఎవరో ఒకరు ఉండాలిగా? మరి ఆ మనిషి విచారణలో ఎందుకు చెప్పలేదు? నలభై ఆరేళ్లు ఎందుకు చెప్పలేదు? చెప్పు లోరీ. కొన్నవాడెవడు?"

అది లోరీకి తెలీదు. నిజంగా తెలీదు.  అమ్మ తననే చూస్తోంది. హాల్లో అందరూ తననే చూస్తున్నారు. హీటరు బుసబుసమంటోంది...

"నేను."

ఎవరన్నారో ముందు ఎవరికీ తెలియలేదు.

హీటరు పక్కన ఎర్విన్ లూట్కీ లేచి నిలబడ్డాడు. ఆయన ఊపిరి వినబడింది. గుర్రుమని, ఆగి, మళ్లీ గుర్రుమని. ఆ ఊపిరి లోరీకి తెలుసు. పది నిమిషాల కిందటే విన్నది. కుర్చీ వీపు మీద పొడుగు కోటు వేలాడుతోంది. భుజాల మీద మంచు కరిగి, తడిసిన ఉన్ని వాసన వస్తోంది.

"నేనే కొన్నాను," అన్నాడు. "అప్పుడు నేను ఫోర్‌మన్‌ని. ఇరవై తొమ్మిదేళ్లు. వాళ్లు షిఫ్టు దిగి, ఇలా వచ్చి కూర్చున్నారు. వెనకే వచ్చాను. కరిగిన ఇనుము ఇంకొక్క పోత పొయ్యాలి కుర్రాళ్లూ, రండి అన్నాను. అది అయ్యాక నా తరఫున అందరికీ ఒకటి అన్నాను. క్లెమ్ గ్లాసులు బోర్లించాడు. ఆరు."

రీటా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "కౌంటరు చివర ఉన్న సందు తలుపు..."

"తాళం చెవి మీ నాన్న ఇచ్చాడమ్మా. రాత్రి షిఫ్టు వాళ్ల కోసం. నువ్వు ఆ తాళం మార్చలేదు. నేను రావడం మానలేదు."

డొలోరెస్ లేచింది. కోటు బొత్తాలు అన్నీ పెట్టే ఉన్నాయి. గొంతు మాత్రం చిన్నపిల్లది.

"మా నాన్న... ఏమన్నాడు? వెళ్లేముందు?"

ముసలాయన ఆమె వైపు చూడలేకపోయాడు.

"'తాగేసే పోదాం ఎర్వ్, బయట చచ్చే చలి' అన్నాడు ఫ్లోరియన్. నేనే వద్దన్నాను. పని అయ్యాక అన్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు?" లోరీ అడిగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదట. "ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట. ఎందుకు చెప్పలేదు?"

"తాగలేదని చెప్తే... మరి ఎందుకు పేలింది అని అడుగుతారు." గుర్రుమన్న ఊపిరి. "ఇనుము మోసే బాన లోపల పూత ఆరలేదు. పొద్దున్నే వేశాం. తడిగా ఉన్న బానలో కరిగిన ఇనుము పోస్తే ఏమవుతుందో నీకు తెలుసు. నాకూ తెలుసు. ఆ పోత ఆ రోజే కావాలన్నారు పైవాళ్లు. ఏం కాదులే అనుకున్నాను."

 హాంక్ టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు.

"మిస్టర్ లూట్కీ," అన్నాడు బ్రాడ్ తొందరగా. "దయచేసి ఇంకేమీ అనకండి. ముందు లాయర్లతో..."

"నోరు ముయ్యి కుర్రాడా. నేను మూసుకున్నది చాలు."

లోరీ ఆయన దగ్గరికి నడిచింది. చేతిలో కాగితం అలాగే ఉంది. దాన్ని బల్ల మీద, ఆయన ముందు పరిచింది. పెన్ను పక్కన పెట్టింది.

"నేను మిమ్మల్ని క్షమించను," అంది. "అది నా చేతిలో లేదు. ఆరుగురి చేతిలో ఉంది, వాళ్లు లేరు. కానీ ఈ లైను మీరే కొట్టేయండి. ఏం రాయాలో మీకు తెలుసు."

"లోరీ," బ్రాడ్ గొంతు తగ్గించాడు. "ఇవాళ ప్రకటించాల్సింది ఒకటుంది. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. మీ ఇష్టం."

ఆ రాత్రి ఏ ప్రకటనా రాలేదు. ఆ ఏడాదీ రాలేదు. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు లోరీ భుజాలు ఎగరేసింది, అంతే.

ముసలాయన రాశాడు. అదిమి రాయడంతో రెండుసార్లు కాగితం చిరిగింది. నూట నలభై మంది ఆ పెన్ను చప్పుడు విన్నారు. రాసి, సంతకం పెట్టి, కాగితం లోరీకి ఇచ్చాడు.

లోరీ కాగితం తీసుకుని అమ్మ పక్కన నిలబడింది. అక్కడి నుంచే, మైకు లేకుండా, వీధిలోకి వినబడేలా చదివింది.

"ఆ సాయంత్రం ఫ్లోరియన్ గపిన్స్కీ, కాసిమిర్ డూడా, లియో స్ట్రోయిక్, అలాయిస్ బ్రెజెక్, హెరాల్డ్ టెస్మెర్, జోసెఫ్ వన్యెక్ ఒక్క చుక్క తాగలేదు. నేను తాగనివ్వలేదు. బాన తడిగా ఉందని తెలిసీ పంపాను. ఎర్విన్ లూట్కీ, ఫోర్‌మన్."